బొమ్మ గీస్తే బువ్వ వస్తుందా?

(మన సొసైటీ వార్షికోత్సవ సభలో, వాకాడులో, ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టరు చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో చదువు గురించి మాట్లాడే బాధ్యత ఎవరో ఒకరికి అప్పగిస్తారు. డాక్టర్లు మాట్లాడారు, ఇంజనీర్లు మాట్లాడారు, బ్యాంకు ఆఫీసర్లు మాట్లాడారు. ఈ ఏడు డ్రాయింగు మాస్టరును పిలిచారు. స్కూల్లో ఆఖరి పీరియడు నాకిచ్చేవాళ్లు, ఇక్కడ మొదటి ప్రసంగం ఇచ్చారు. అందుకు కృతజ్ఞుణ్ని.

నేను మాట్లాడదలచిన విషయం కాలేజీలో చిత్రకళ, శిల్పం, సంగీతం, నాటకం చదవడం గురించి. ‘అదీ ఒక చదువేనా?’ అని కొందరు మనసులో అనుకుంటూ ఉండవచ్చు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. 1971లో మా ఇంట్లోనే విన్నాను.

అప్పుడు నేను హైస్కూలు ముగించాను. మా డ్రాయింగు మాస్టరుగారు మర్హూమ్ మా అబ్బా దగ్గరికి వచ్చి, “సాయిబుగారూ, మీ వాడి చెయ్యి మంచిది. మద్రాసు ఆర్ట్స్ స్కూలుకు పంపండి” అని చెప్పారు. గూడూరులో రైలెక్కితే మద్రాసు మూడు గంటల దూరం. ఆ స్కూలును 1850లో హంటర్ అనే డాక్టరు స్థాపించాడు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి వంటి మహాశిల్పి 1957 దాకా దానికి ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆ సంగతులు మాకు తెలియవు. మా అబ్బా ఒక్కటే అడిగారు: “బొమ్మ గీస్తే బువ్వ వస్తుందా బేటా?”

నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో నలుగురు చెల్లెళ్లు. నేను వెళ్లలేదు. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, టి.టి.సి. చేసి, జిల్లా పరిషత్ స్కూల్లో చేరాను. ఆ ఉద్యోగంతోనే చెల్లెళ్ల నిఖాలు చేశాను, పిల్లల్ని చదివించాను, అల్హమ్దులిల్లాహ్. మా అబ్బాను తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి తిన్నగా జవాబు చెప్పాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఈ రోజు ప్రయత్నిస్తాను.

మన ఊరి నుంచే మొదలుపెడతాను. మన స్వర్ణముఖి వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. అంతకు ముందు ఆ నది శ్రీకాళహస్తిని ఒరుసుకుని వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి పేరుపొందిన ఊరు. అక్కడి పనివాళ్లు నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి ఊరవేసి నల్ల రంగు చేస్తారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దానితో గీత గీస్తారు. పటిక వేసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. రంగు వేసిన గుడ్డను పారే నీళ్లలో ఉతుకుతారు. ఆ నీళ్లు పల్లానికి మన వైపే వస్తాయి.

వాళ్లు గుడ్డ మీద రాసేవి రామాయణ, భారత కథలు. కాని ఆ పనికి ఉన్న పేరు చూడండి. కలం, కారీ. రెండూ ఫారసీ మాటలే. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఈ అద్దకం బట్టలు ఇరాన్ దాకా పోయేవి. ఇరాన్ వాళ్లకు నచ్చే తీగలూ, పూలూ, చెట్లూ మచిలీపట్నం పనిలో ఎక్కువగా కనిపిస్తాయి. కాళహస్తి పనివాడు గుడి గోడకు తెర రాశాడు, మచిలీపట్నం పనివాడు ఇరాన్ షావుకారుకు దుప్పటి రాశాడు. పనిముట్టు ఒకటే, కలం.

మన మండలంలోని దుగరాజపట్నం సంగతి పిలకాయలకు తెలుసో లేదో. ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో అక్కడ వర్తకపు కోఠీ పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే దొరే 1639లో దక్షిణానికి పోయి మద్రాసుకు పునాది వేశాడు. వాళ్లు ఈ తీరానికి వచ్చింది నూలు బట్టల కోసం. అందులో రంగులద్దిన బట్టలకు మహా గిరాకీ. పులికాట్‌లో డచ్చివాళ్లదీ అదే వ్యాపారం. మన తీరంలో బొమ్మ గీసినవాడి చేతిపని కోసం సముద్రాలు దాటి ఓడలు వచ్చాయి. కనుక బొమ్మకూ బువ్వకూ సంబంధం లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. అయితే ఆ బువ్వ గీసినవాడి కంచంలో ఎంత పడింది, షావుకారు కంచంలో ఎంత పడింది అనేది వేరే లెక్క. ఆ లెక్కలోకే చదువు వస్తుంది. కొంచెం ఆగి చెబుతాను.

ఇప్పుడు సంగీతం, కథ. మన తెలుగు ముస్లిములు ఈ విద్యల్లో ఎంత ఎత్తుకు ఎదిగారో మన పిల్లలకు మనం చెప్పడం లేదు.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. బుర్రకథ చెప్పడంలో ఆయనకు సాటి లేరని తెలుగు దేశమంతా ఒప్పుకుంది. మధ్యన కథకుడు, ఒక పక్క హాస్యగాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు. ఆ ముగ్గురితో పల్నాటి యుద్ధం కథ నడుస్తుంటే వేలమంది తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవారు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తిగారు రాసిన ఆయన జీవిత కథ పేరు ‘పింజారి’. ఒకప్పుడు చిన్నచూపుతో పిలిచిన మాటనే పుస్తకానికి పేరుగా పెట్టారు. ‘వాళ్లు వేరు, మనం వేరు’ అని లోలోపల అనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. వారు ఆ పుస్తకం ఒకసారి చదవాలని మనవి.

షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. నాదస్వరం వారి ఇంటి విద్య. అయినా ఇంటి విద్య చాలదనుకుని, తంజావూరు బాణీ కోసం తమిళ దేశం పోయి, నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర మళ్లీ శిష్యుడయ్యారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. గోసవీడు షేక్ హసన్ గారు భద్రాచలం రాములవారి గుడిలో నాదస్వర విద్వాంసులుగా చేశారు. ఆయనకు 2022లో, మరణానంతరం, పద్మశ్రీ ఇచ్చారు.

ఇక దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ. ఇద్దరివీ నాదస్వరం ఊదే కుటుంబాలే. ఇంట్లో నేర్చుకున్నది ఉండగానే ఇద్దరూ కర్నూలు శారదా సంగీత కళాశాలలో చదివారు. ఆ తరువాత చినమౌలానాగారి దగ్గర చేరారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఇంటి విద్య, కాలేజీ, గురువు అని మూడు మెట్లు. ఆ మెట్లెక్కినవారిలో కాలీషాబీ ఒక స్త్రీ. మన ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ కొందరు పెద్దలకు ఒక సందేహం ఉంటుంది. ‘మాస్టారూ, ప్రాణుల బొమ్మలు గీయడం, వాద్యాలు వాయించడం దీన్‌లో ఎంతవరకు సబబు?’ అని. నేను ఆలిమ్‌ను కాను. ఈ విషయంలో ఆలిముల మధ్యనే అభిప్రాయ భేదాలున్నాయని మాత్రం విన్నాను. ఎవరి మనసుకు సందేహం ఉంటే వారు హజ్రత్ గారిని అడగాలి, డ్రాయింగు మాస్టరును అడగకూడదు. నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ప్రాణి బొమ్మ ఒక్కటి కూడా వేయకుండా జీవితమంతా చదవదగినంత చిత్రకళ మనకు ఉంది.

ఖత్తాతీ అంటే అందమైన రాత. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ ముఖ్లా అనే ఆయన అక్షరాలకు కొలత ఏర్పరిచాడు. కలం మొనను కాగితం మీద అద్దితే పడే చుక్కే ఆ కొలబద్ద. అలిఫ్ ఎన్ని చుక్కల పొడవు, ‘బే’ ఎన్ని చుక్కల వెడల్పు అనేది దానితోనే లెక్క. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతో పాటు అక్షరమంతా మారుతుంది, పొందిక మాత్రం చెడదు. హైదరాబాదులో ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్తే, గోడల మీద రంగురంగుల పలకలతో చేసిన పని కనిపిస్తుంది. దాన్ని చూసినవాడు బొమ్మల చదువును తేలిగ్గా మాట్లాడడు. బట్టల డిజైను, పుస్తకాల అట్టలు, భవనాల అలంకారం, జర్దోసీ పని, అన్నిటికీ వేరు ఇదే. మన ఇళ్లల్లో పెళ్లికూతురి చేతికి గోరింటాకు పెట్టే అమ్మాయి, అరచేతిని ముందు భాగాలుగా చూసుకుని, మధ్య నుంచి అంచుకు తీగ నడిపిస్తుంది. ఆ అమ్మాయికి డిజైను తెలుసు. తెలుసని ఎవరూ చెప్పలేదు, అంతే.

మరి ఇంట్లోనే ఉన్న పనికి కాలేజీ దేనికి? ఈ ప్రశ్న కూడా న్యాయమైనదే. బాపుగారు మద్రాసులో లా చదివారు, ఆర్ట్స్ కాలేజీలో చదవలేదు. ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు రాస్తూ పైకి వచ్చాడు. అంతటి ప్రతిభ ఉంటే కాలేజీ లేకపోయినా దారి దొరుకుతుంది. కాని మనం మాట్లాడుకునేది మామూలు పిల్లల సంగతి.

మన చుట్టుపక్కల బోర్డులు రాసేవాళ్లు ఎందరుండేవారో గుర్తు తెచ్చుకోండి. కోట, వాకాడు, నాయుడుపేట అంగళ్ల బోర్డులు, బస్సుల మీద పేర్లు, తూపిలిపాళెం పడవల మీద పేర్లు, ఎన్నికల్లో గోడ రాతలు. అందులో మనవాళ్లూ ఉన్నారు. బ్రష్షు పట్టుకుంటే గీత వణికేది కాదు. 2000 తరువాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. గంటలో బ్యానరు తయారు. చెయ్యి ఒక్కటే తెలిసినవాళ్లు పని పోయి మేస్త్రీ పనికి, సున్నాల పనికి పోయారు. అక్షరం ఎందుకు అందంగా ఉంటుంది, రంగు పక్కన రంగు ఎందుకు నిలబడుతుంది అనేది చదివినవాళ్లు అదే కంప్యూటరు ముందు కూర్చుని పని చేసుకున్నారు. బ్రష్షు పోయినా వాళ్ల విద్య పోలేదు. కాలేజీ వల్ల ఇది ఒక లాభం.

రెండో లాభం, ధర అడిగే ధైర్యం. డిగ్రీ ఉన్న పిల్ల తన డిజైను కింద పేరు రాస్తుంది, కాంట్రాక్టు చదువుకుని సంతకం పెడుతుంది. ఇందాక షావుకారు లెక్క అన్నాను కదా, అది ఇక్కడ మారుతుంది.

మూడోది నా సొంత అనుభవం. ముప్పై అయిదేళ్లు నల్లబల్ల మీద పూలకుండీ గీశాను. చెయ్యి బాగా తిరిగింది. కాని ఇతర దేశాల చిత్రాలు, పాత శిల్పాలు, తోటి విద్యార్థుల బొమ్మలు చూసి, ‘ఇది ఇలా ఎందుకు వేశారు?’ అని వాదించుకునే అవకాశం నాకు రాలేదు. నా తప్పు చెప్పేవాళ్లు నాకు లేకపోయారు. రిటైరయ్యాక మద్రాసు మ్యూజియంలో కంచు విగ్రహాల ముందు నిలబడినప్పుడు ఆ లోటు తెలిసింది. ఆ వయసులో తెలిసి ఏం లాభం?

ఎక్కడ చదవాలో కూడా చెబుతాను, తల్లిదండ్రులు రాసుకోండి. చిత్రకళకు బి.ఎఫ్.ఎ. అనే నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ఇంటరు తరువాత చేరాలి. మొదట అందరికీ కలిపి పునాది పాఠాలు, తరువాత పెయింటింగు, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్స్ వంటి శాఖలు. ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం నుంచి బొమ్మ వేయమంటారు. సంతలోనో, బస్టాండులోనో చూసింది ఇంటికొచ్చి గీసే అలవాటున్న పిల్లవాడికి అది కష్టం కాదు.

వెనక హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఒక్కటే మనకు పెద్ద దిక్కు. అది 1940లో మొదలైంది. 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ పేరుతో నడుస్తోంది. 2014లో రాష్ట్రం విడిపోయింది, ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024లో ముగిసింది. ఇప్పుడు మనవాళ్లకు కడపలో 2020లో పెట్టిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఆడపిల్లలకు తిరుపతిలో 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా యూనివర్సిటీలో సంగీతం, లలితకళల శాఖ ఉంది. మన వాకాడు 2022 నుంచి తిరుపతి జిల్లాలోనే ఉంది కదా, పెద్ద దూరం కాదు. సంగీతానికి కర్నూలు, ఇంకా 1919లో పెట్టిన విజయనగరం మహారాజా సంగీత కళాశాల ఉన్నాయి. డిజైనుకు అమరావతిలో జాతీయ డిజైన్ సంస్థ ఉంది. నాటకం పై చదువుకు హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూలు ఉంది. ప్రవేశ నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి, ముందుగా కనుక్కోండి. బి.సి. సర్టిఫికెట్లు ఆఖరి రోజు దాకా ఆపకండి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గనుక కష్టం కూడా చెబుతాను. కోర్సు అయిన మర్నాడే ఉద్యోగం వచ్చి తలుపు తట్టదు. ప్రభుత్వ డ్రాయింగు మాస్టరు పోస్టులు తక్కువ. డిజైను, యానిమేషను, పుస్తకాలు, సినిమా ఆర్టు శాఖ, ప్రైవేటు స్కూళ్లు, వీటిలో పని ఉంది గాని మొదటి రెండు మూడేళ్లు సంపాదన పలచగా ఉంటుంది. ఇష్టం లేని పిల్లవాణ్ని ‘సులువు కోర్సు’ అని అందులో వెయ్యకండి. అది సులువు కాదు. ఇంకొకటి, కాలేజీ ఫీజుకు ప్రభుత్వ సాయం దొరికినా, కాగితాలు, రంగులు, కాన్వాసు, బ్రష్షులు నెలనెలా కొనాలి. పేద ఇంటి పిల్లలు ఎక్కువగా అక్కడే ఆగిపోతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. నిరుడు మన సొసైటీ స్కాలర్‌షిప్పుకు ఒక అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది. పేరు చెప్పను. తండ్రి ఆటో తోలుతాడు. ఇంటరు పాసైంది, బి.ఎఫ్.ఎ. చదువుతానంది. దరఖాస్తుతో పాటు పది బొమ్మలు జతచేసింది. అన్నీ తీగలు, రేకులు, మస్జిద్ కిటికీ జాలీలు. కమిటీలో ఒకరు, “మన లిస్టులో ఈ కోర్సు లేదే” అన్నారు. నిజమే, లేదు. ఇంజనీరింగు, మెడిసిన్, నర్సింగు, ఎం.సి.ఎ., బి.ఇడి. ఉన్నాయి. మన పక్కన విద్యానగర్‌లో 1979లో ఇంజనీరింగు కాలేజీ వచ్చిన నాటి నుంచి మన ఆలోచన ఆ దారిలో నడిచింది. దానివల్ల ఎందరో బాగుపడ్డారు కూడా. కాగితం పక్కకు పెట్టారు.

ఆ కమిటీలో నేనూ ఉన్నాను. ఆ పది బొమ్మలు నా చేతిలోనే ఉన్నాయి. జాలీలో ఒక మూల కొలత తప్పితే ఆ పిల్ల రబ్బరుతో చెరిపి మళ్లీ గీసిన గుర్తు కూడా చూశాను. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. పెద్దల ముందు ఎందుకులే అనుకున్నాను. 1971లో మా అబ్బా ముందు నిలబడినట్టే నిలబడ్డాను. అప్పుడు నాకు పదహారేళ్లు, జవాబు తెలియదు. నిరుడు జవాబు తెలిసి కూడా ఊరుకున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు దగ్గర్లోనే మామూలు డిగ్రీలో చేరి, పెళ్లిళ్లకు మెహందీ పెట్టి ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కుంటోంది. ఈ సభలో నేను ముందుగా ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

స్కాలర్‌షిప్పు చిన్నదైనా ఎంత పని చేస్తుందో ఒక ఉదాహరణ. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి అనే పల్లెలో 1942లో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాదులో చదివి, లలితకళా అకాడమీ ఇచ్చిన ఫెలోషిప్పుతో బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన వేసిన తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు ఈనాడు ప్రపంచమంతా తెలుసు. పల్లె నుంచి బరోడాకు ఆ ఫెలోషిప్పే దారి అయింది.

కనుక ఈ సభ ముందు మూడు మనవులు పెడుతున్నాను.

మొదటిది, వచ్చే ఏటి నుంచి స్కాలర్‌షిప్పు లిస్టులో లలితకళల కోర్సులు చేర్చాలి. ఏడాదికి ఒక్కరికైనా సరే. ఫీజుకు కాకపోయినా రంగులకూ కాగితాలకూ ఇవ్వండి. మొదటి ఏటి ఖర్చుకు నా పెన్షను నుంచి నా వంతు ఇస్తాను.

రెండోది, వేసవి సెలవుల్లో మన హాలులో డ్రాయింగు తరగతి పెట్టాలి. ఏడో తరగతి పాసైనవారు లోయరు గ్రేడు పరీక్ష రాయవచ్చు, ఆ తరువాత పదో తరగతితో హయ్యరు. ఆడపిల్లలకు వేరే వేళ పెడదాం. జీతం అక్కరలేదు, నేను నేర్పుతాను. మోకాళ్ల నొప్పులు గనుక కుర్చీ ఒకటి వేయించండి చాలు.

మూడోది, హజ్రత్ గారికి మనవి. మదర్సా పిల్లలకు వారానికి ఒక గంట ఖత్తాతీ నేర్పితే బాగుంటుంది. రాత అందంగా ఉన్న పిల్లవాడు ఎక్కడికి పోయినా గౌరవం పొందుతాడు.

అమ్మలారా, మీకూ ఒక మాట. పిల్లవాడు గోడ మీద బొగ్గుతో గీస్తే కొట్టకండి. ఒక కాగితం ఇవ్వండి. గీసినదాన్ని పారవేయకుండా ఒక అట్టపెట్టెలో దాచండి. ఇంటర్వ్యూకు పోయినప్పుడు ఆ పెట్టె పనికొస్తుంది.

మా అబ్బా ఈ రోజు ఉంటే ఆయన ప్రశ్నకు ఇలా జవాబు చెబుతాను: “వస్తుంది అబ్బా. కొంచెం ఆలస్యంగా వస్తుంది. అంతదాకా పిల్లవాడికి ఎవరో ఒకరు అన్నం పెట్టాలి.” ఆ ‘ఎవరో ఒకరు’ మన సొసైటీ కావాలని నా కోరిక. ఇన్షా అల్లా, వచ్చే వార్షికోత్సవంలో నా బదులు ఆ అమ్మాయి ఈ వేదిక మీద మాట్లాడాలని మీరందరూ దువా చెయ్యండి. ఆమె దరఖాస్తు ఫారం ఈసారి నేనే తెచ్చి కార్యదర్శిగారి చేతిలో పెడతాను.